కత్తిరించిన పిలుపు

“బయటికి రండి, మీ సంగతి చూస్తా!”

పక్కింటి టీవీలో లాయరు గొంతు మళ్లీ ఖంగుమంది. పొద్దుట్నుంచి ఏ ఇంట్లో చూసినా అదే మాట. గోడకు అవతల వాల్యూం పెంచుకుని మరీ వింటున్నారు. ఇవతల, ఆ మాట అన్నవాడి చేతిలోనే చచ్చిపోయాడని ఊరు ఊరంతా నమ్ముతున్న మనిషి భార్య సోఫా అంచున కూర్చుని చేతిగుడ్డను మడత పెడుతోంది, విప్పుతోంది, మళ్లీ మడత పెడుతోంది.

ఆమె భర్త రిటైరైన లెక్చరర్. ఆరేళ్లుగా ప్రతి సాయంత్రం టీవీ చర్చలో పాత పార్టీ తరఫున వాదించేవాడు. ఎదుటి కుర్చీలో కొత్త పార్టీ తరఫున లాయరు. ఒకరి మాట ఒకరు పూర్తి కానిచ్చేవారు కాదు. ఆ గంటసేపు ఊళ్లో సగం మంది లెక్చరర్ పక్షాన, మిగతా సగం లాయరు పక్షాన పళ్లు నూరుకుంటూ కూర్చునేవారు. నిన్న సాయంత్రం చర్చ ముగిశాక లెక్చరర్ చానల్ సెల్లార్‌లో తన కారు పక్కనే తల పగిలి పడిపోయాడు. ఆసుపత్రికి చేరేలోగా పోయాడు. ఆ కబురు వచ్చిన కాసేపటికే చానల్ ఈ ముక్క వేసింది. తెల్లారేసరికి లాయరు ఇంటి అద్దాలు పగిలాయి. దానికి బదులుగా పాత పార్టీ ఆఫీసు తగలబడింది. లాయరు కనిపించడం లేదు.

కూతురు ఫోన్ చేస్తే డిటెక్టివ్ వచ్చింది. క్రైమ్ బ్రాంచిలో ఏళ్ల తరబడి పనిచేసి, రిటైరయ్యాక సొంతంగా కేసులు చూసుకుంటున్న మనిషి. కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని ఆ గదినంతా ఒకసారి చూసింది. వీధి చివర పోలీసులు బారికేడ్ పెట్టడం వల్ల చుట్టాలు ఇంకా చేరలేదు. ఇంట్లో తల్లీ కూతురూ మాత్రమే. కానీ వంటగట్టు మీద మూడు గ్లాసులు. మంచినీళ్ల సీసా పక్కన షుగర్ మాత్రల అట్ట, అందులో ఒకటి ఇప్పుడే చింపినట్టుంది.

“ఇంట్లో షుగర్ ఎవరికమ్మా?” అంది మామూలుగా.

“ఎవరికీ లేదాంటీ” అంది కూతురు.

“నాకే” అంది తల్లి, అదే క్షణంలో.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డిటెక్టివ్ చూడనట్టే ఊరుకుంది.

“మీ ఆయన్ని చంపాడని అందరూ అంటున్న మనిషిని మీరు ఇందాకట్నుంచి ఒక్క మాట అనలేదు. నాకు అది వింతగా ఉంది.”

“అంటే పోయిన మనిషి తిరిగొస్తాడా?”

“రాడు. అయినా అంటాం. నేనైతే శాపనార్థాలు పెట్టేదాన్ని.” డిటెక్టివ్ గోడ వైపు తల తిప్పింది. అవతల ఆ ముక్క మళ్లీ మొదలైంది. “సరిగ్గా వినండి. ‘బయటికి రండి, మీ సంగతి చూస్తా.’ ఈ లాయర్ని నేనూ ఆరేళ్లుగా చూస్తున్నాను. మీ ఆయన్ని ఎప్పుడైనా ‘మీరు’ అన్నాడా? ‘నోర్ముయ్, కూర్చో, నువ్వెవడివి నాకు చెప్పడానికి’, ఇదే వరస. మామూలుగా పోట్లాడుకునేటప్పుడు ‘నువ్వు’ అన్నవాడు, చంపుతానని బెదిరించేటప్పుడు మాత్రం మర్యాదగా ‘రండి’ అంటాడా? కోపమొస్తే ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అవుతుంది గానీ, ‘నువ్వు’ ‘మీరు’ అవదమ్మా. ఊరంతా ఈ మాట వెయ్యిసార్లు విన్నది. ఒక్కడికి కూడా అనుమానం రాలేదు.”

తల్లి చేతిలో గుడ్డ ఆగిపోయింది.

“‘రండి’కీ ‘మీ సంగతి’కీ మధ్య చిన్న ఖాళీ ఉంది. పెదాలు కదులుతున్నాయి, మాట వినపడదు. అక్కడ ఒక మాట ఉండాలి. ఏమిటది?”

“బావగారూ.”

జవాబు చెప్పింది తల్లీ కాదు, కూతురూ కాదు. మూసివున్న మూడో గది తలుపు తెరుచుకుంది. గడప మీద లాయరు నిలబడ్డాడు. ఒంటి మీద చనిపోయిన మనిషి చొక్కా. భుజాల దగ్గర వదులుగా వేలాడుతోంది.

శవాలనీ హంతకులనీ చూసి చూసి మొద్దుబారిపోయాననుకున్న డిటెక్టివ్, తనకు తెలియకుండానే లేచి నిలబడింది. ఊరు మొత్తం వెతుకుతున్న మనిషి, చచ్చిపోయినవాడి ఇంట్లో, చచ్చిపోయినవాడి చొక్కా వేసుకుని!

“చెల్లెమ్మ తప్పేం లేదండీ” అన్నాడు లాయరు. టీవీలో గర్జించే గొంతు కాదది. “ఆవిడ నన్ను దాచలేదు, నేనే వచ్చిపడ్డాను. మా ఇంటి మీద రాళ్లు పడుతుంటే వెనక గోడ దూకాను. ఎక్కడికెళ్లాలా అని ఆలోచిస్తే ఈ ఇల్లు తప్ప ఇంకోటి గుర్తుకు రాలేదు.”

“అన్నయ్యగారూ, మీరు లోపలికెళ్లండి, కిటికీలు తెరిచున్నాయి” అంది లెక్చరర్ భార్య కంగారుగా.

“బావగారేమిటి? అన్నయ్యగారేమిటి? నాకు అర్థమయ్యేట్టు చెప్పండి.”

కూతురు తల వంచుకుంది. “వాళ్లబ్బాయీ నేనూ ఒకే ఆఫీసులో చేస్తాం ఆంటీ. టీవీలో మా నాన్నలు తిట్టుకుంటుంటే మర్నాడు ఆఫీసులో మాకు మొహాలు చెల్లేవి కాదు. ఒకరికొకరం సారీ చెప్పుకునేవాళ్లం. అలా మొదలైంది. ఇంట్లో చెప్పేసరికి ఏడాది పట్టింది. చెప్పాక చూస్తే, వీళ్లిద్దరూ అప్పటికే స్నేహితులు. ఆదివారం ఆదివారం క్యారమ్స్ ఆడుకుంటున్నారట, మాకే తెలీదు.”

“వచ్చే నెల పెళ్లి” అంది తల్లి. ఆ మాటతో ఇందాకట్నుంచి బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా బయటపడింది.

డిటెక్టివ్ లాయర్ని కుర్చీలో కూర్చోబెట్టి, కిటికీ పరదా లాగింది. “ఆ మాట ఎప్పుడన్నారు?”

“నిన్న యాడ్స్ బ్రేక్‌లో. మొన్న ఆదివారం నన్ను వరసగా నాలుగు ఆటలు ఓడించాడు. ‘ఇక్కడ కాదు, బయటికి రండి బావగారూ, మీ సంగతి చూస్తా’ అన్నాను. ఆయన పగలబడి నవ్వాడు. ఆ నవ్వూ కోసేశారు, నా పిలుపూ కోసేశారు.”

“పెళ్లి సంగతి యాంకర్‌కి తెలుసా?”

“తెలుసు. షోలోనే చెప్పేస్తామన్నాం. ఇది మా అభిప్రాయాల గొడవ గానీ మా గొడవ కాదు, మీరూ ఇంట్లో కొట్టుకోకండి అని ఇద్దరం కలిసి చెబుదామనుకున్నాం. ‘ఎన్నికలయ్యేదాకా నోరెత్తకండి సార్, నా కొంప ముంచకండి’ అన్నాడు.”

“సెల్లార్‌లో ఏం జరిగింది?”

“ఇద్దరం కలిసే దిగాం. భుజం మీద చెయ్యేసి మాట్లాడుతూ నడిచాను. అక్కడెవరూ ఉండరు కదా, ఆ కాసేపే మా స్వేచ్ఛ. స్తంభం పక్కన ఎవరో ఒకతను నిలబడ్డాడు. ఫొటో కోసమనుకున్నాను. రోజూ ఎవరో ఒకరుంటారు. నేను కారు తీసి ర్యాంపు ఎక్కేసరికి రేడియోలో ఎనిమిది గంటల వార్తలు మొదలయ్యాయి.” అతను చేతులతో మొహం కప్పుకున్నాడు. “ఒక్కసారి వెనక్కి చూసినా సరిపోయేది.”

“ఫోన్లు ఆపెయ్యండి, అమ్మాయి ఫోన్ ఒక్కటి తప్ప. పరదాలు తెరవొద్దు. నేను చెప్పేదాకా ఎవరికీ తలుపు తియ్యొద్దు” అంది డిటెక్టివ్.

చానల్ సెల్లార్‌లో ఆమెను ఆపేవాళ్లు ఎవరూ లేకపోయారు. ఇన్‌స్పెక్టర్‌తో ఫోన్లో మాట్లాడి అనుమతి తీసుకునే వచ్చింది. అతనిది ఒకటే పాట: లాయరు మనుషులు ఇనపరాడ్‌తో కొట్టారు, అంతే.

ఆమె స్తంభం ముందు మోకాళ్ల మీద కూర్చుంది. సిమెంటు స్తంభం అంచుకు మనిషి భుజం ఎత్తులో రక్తపు మరక, రెండు తెల్ల వెంట్రుకలు అతుక్కుని ఉన్నాయి. అక్కణ్ణుంచి కిందికి జారిన చార. చుట్టుపక్కల గోడ మీద గానీ కారు మీద గానీ ఒక్క చుక్క చిందలేదు. రాడ్‌తో కొడితే ఇలా ఉండదు. ఎవరో తోశారు. వెనక్కి తూలి తల అంచుకు కొట్టుకుంది. చంపాలని వచ్చినవాడు ఆయుధం లేకుండా రాడు. మరి వీడెందుకు వచ్చినట్టు?

తలెత్తి చూసింది. ఎదురుగోడ మీద కెమెరా స్తంభం వైపే చూస్తోంది.

“మేడమ్! మీరొస్తున్నారని తెలిస్తే కింద్నుంచే లైవ్ పెట్టేవాణ్ణి!”

లిఫ్టులోంచి యాంకర్ దిగాడు. మొహానికి మేకప్, కాలర్‌కి మైకు. రాష్ట్రంలో అతని గొంతు తెలియని ఇల్లు లేదు. గెడ్డం నిమురుకుంటూ నవ్వాడు, సంతాపానికి వచ్చినవాళ్ల ముందు నవ్వకూడదని గుర్తొచ్చి ఆపేశాడు.

“ఈ కెమెరా పాడైందని పోలీసులకు చెప్పారట.”

“అవును, వారం నుంచీ.”

“దీపం వెలుగుతోంది.”

“పొద్దున బాగుచేయించాం.”

“బాగుచేసినవాడు నిచ్చెనేసుకుని ఎక్కి, దాని మీది దుమ్ము చెక్కుచెదరకుండా దిగొచ్చాడా? చాలా పనిమంతుడు. అతని నంబరు నాకూ ఇవ్వండి.”

యాంకర్ మొహంలో రంగు మేకప్ కింద కూడా మారినట్టు తెలిసింది. “మేడమ్, మీరు డిటెక్టివ్, నేను జర్నలిస్టుని. ఇద్దరిదీ నిజం వెతికే పనే.”

“అయితే వెతుకుదాం. లెక్చరర్ కిందపడి ఉన్న దృశ్యం మీ చానల్లోనే మొదట వచ్చింది. అందులో ఆయన చేతి గడియారం కనిపిస్తోంది. ఎనిమిదీ ఏడు. అంబులెన్సుకు మీ ఆఫీసు నుంచి ఫోన్ వెళ్లింది ఎనిమిదీ ఇరవై రెండుకు. నేను ఆసుపత్రిలో కనుక్కునే వచ్చాను. మధ్యలో మీరంతా ఏం చేస్తున్నారు?”

“కంగారులో...”

“ఆయన వేళ్లు కదులుతున్నాయి. మీరు దాన్ని వేగం తగ్గించి మరీ చూపించారు, వెనకాల సంగీతం పెట్టి!” ఆమె గొంతు సెల్లార్‌లో ప్రతిధ్వనించింది. తన గొంతు తనకే కొత్తగా అనిపించింది. “బతికున్న మనిషయ్యా!”

యాంకర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. కానీ మాట వెనక్కి తగ్గలేదు. “మా కెమెరామన్ డాక్టరు కాదు. చూడండి, నేను ఎవర్నీ విడదీయలేదు. జనం ఏం చూస్తామంటే అదే వడ్డించాను. ఒక రోజు పంతానికి వీళ్లిద్దర్నీ మర్యాదగా మాట్లాడించాను, తెలుసా? ఆ రోజు మా షో చూసినవాడు లేడు. మర్నాడు ఓనర్ పిలిచి చీవాట్లు పెట్టాడు. మీరు నన్నంటారు. వాళ్లనెవరు అడుగుతారు?”

“‘బావగారూ’ అన్న పిలుపు కొయ్యమని జనం చెప్పారా?”

యాంకర్ ఆమెనే చూశాడు. ఆ మాట ఈమెకు ఎలా తెలిసింది? ఎవరు చెప్పారు? కళ్లలో అదే ప్రశ్న. తర్వాత ఏదో తట్టినట్టు ఫోన్ తీసి గబగబా రెండు ముక్కలు కొట్టాడు, జేబులో పెట్టుకున్నాడు.

“మీకు అన్నీ అనుమానాలే. కళ్లారా చూసిన సాక్షి పైనున్నాడు. ఇందాకే లైవ్‌లో చెప్పాడు. అతన్నే అడగండి.”

మేకప్ గదిలో అద్దం ముందు కుర్చీలో ఒక నలభై ఏళ్ల మనిషి కూర్చున్నాడు. లెక్చరర్ అభిమానుల సంఘానికి ఇతనే నాయకుడు. చర్చ జరిగే ప్రతిరోజూ ప్రేక్షకుల్లో ముందు వరసలో కూర్చునేవాడు. లెక్చరర్ దగ్గినా చప్పట్లు కొట్టేవాడని చానల్ వాళ్లంతా అతన్ని భక్తుడు అని పిలిచేవారు. అసలు పేరు ఎవరికీ పట్టలేదు. కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయాయి. కాలర్‌కి మైకు ఇంకా అలాగే ఉంది. ఇంకో పావుగంటలో మళ్లీ లైవ్.

డిటెక్టివ్ స్టూలు లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. యాంకర్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

“బాబూ, నువ్వు ఎక్కడ నిలబడి చూశావు?”

“ర్యాంపు పైన మేడమ్. గురువుగారికి దండం పెట్టుకుని వెళ్దామని వచ్చాను. కింద లాయరు, ఇంకో నలుగురు. గురువుగార్ని కొట్టి కార్లో పారిపోయారు.”

“అయిదుగురూ ఎక్కితే కారు సరిపోయిందా?”

“ఆ... సర్దుకున్నారు.”

“ర్యాంపు పైనుంచి ఆ స్తంభం దాకా చాలా దూరం. మాటలేమైనా వినపడ్డాయా?”

“లేదు మేడమ్. అంత దూరం నుంచి ఎలా వినపడతాయి?”

“పోనీ, లాయరు ఎలా ఉన్నాడు? మండిపడుతున్నాడా?”

“మండిపడటమా?” అతను కుర్చీలో ముందుకి వంగాడు. గొంతులో దుఃఖం కంటే ఇంకేదో ఎక్కువ ఉంది. “నవ్వుతున్నాడు మేడమ్! పళ్లికిలిస్తున్నాడు! బావగారూ అట, బావగారూ! గురువుగారి భుజం మీద చెయ్యేసి...”

గుమ్మం దగ్గర యాంకర్ కళ్లు మూసుకున్నాడు.

డిటెక్టివ్ కదల్లేదు. “ఆ పిలుపు టీవీలో రాలేదు బాబూ. కోసేశారు. పైనుంచి నీకు మాటలు వినపడలేదన్నావు. నువ్వు ర్యాంపు మీద లేవు. స్తంభం పక్కన ఉన్నావు.”

అతను అద్దంలోకి చూశాడు. తన మొహమే తనకు ఎవరిదో అయినట్టు చూస్తూ ఉండిపోయాడు.

“నాకో తమ్ముడున్నాడు మేడమ్. చిన్నప్పుడు నా భుజాల మీద పెరిగాడు. వాడికి లాయరంటే పిచ్చి. నాకు గురువుగారు. ఒక రోజు టీవీ ముందు మాటా మాటా పెరిగింది. గురువుగారు ఆ రోజు షోలో అన్నారు, వాళ్లతో పొత్తు పెట్టుకున్నవాడు ద్రోహి అని. నేను అదే మాట తమ్ముణ్ణి అన్నాను. ఇంట్లోంచి పొమ్మన్నాను. నాన్న పోతే వాడికి కబురు పెట్టలేదు. పెట్టలేదు మేడమ్! అమ్మ కాళ్లు పట్టుకుని అడిగినా పెట్టలేదు. ఎంత గొప్ప పని చేశానో అనుకున్నాను.”

“నిన్న?”

“కొత్త బ్యాడ్జీలు చేయించాం, గురువుగారికి చూపిద్దామని కిందికెళ్లాను. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుకుంటూ వచ్చారు. నా కళ్లు నేను నమ్మలేదు. లాయరు వెళ్లిపోయాక అడిగాను. ఇదంతా ఉత్తిదేనా గురువుగారూ అన్నాను. ‘ఉత్తిదేం కాదయ్యా, నమ్మిందే మాట్లాడతాను. కానీ అక్కడి గొడవ అక్కడే వదిలేసి రావాలి, నువ్వు ఇంటికి మోసుకెళ్తావా ఏంటి?’ అన్నారు. నవ్వుతూ అన్నారు మేడమ్. భుజం తట్టారు. నేను... ఆ చెయ్యి తోసేశాను. అంతే. తోసేశాను, అంతే. ఆయన వెనక్కి...”

డిటెక్టివ్ తన చేతులు ఒళ్లో గట్టిగా పట్టుకుంది. ఎందరి నేరాంగీకారాలో విన్నది. నేరస్తుణ్ణి చూసి ఇలా గుండె పిండినట్టవడం ఇదే మొదలు.

“పైకి పరిగెత్తాను, ఎవర్నైనా పిలుద్దామని. కెమెరా వాళ్లు ఎదురొచ్చారు. మేం చూసుకుంటాం, నువ్వెళ్లు అన్నారు. చూసుకుంటారనుకున్నాను. పొద్దున ఈ సారు ఫోన్ చేసి, ‘మీరు అక్కడే ఉన్నారు కదా, లాయర్ని చూసే ఉంటారు కదా’ అన్నారు. ఊ అన్నాను.”

డిటెక్టివ్ యాంకర్ వైపు తిరిగింది. “సెల్లార్ కెమెరా పాడవలేదు. అందులో పడింది నువ్వు రాత్రే చూశావు. ఇతను తొయ్యడం చూశావు. చూసి కూడా ఇతన్నే సాక్షిగా కూర్చోబెట్టావు.”

“చూశారా?” భక్తుడు లేచి నిలబడ్డాడు. “అంతా చూసే నన్ను అడిగారా సార్?”

యాంకర్ చూపు గది మూలనున్న చిన్న టీవీ మీద ఉంది. అక్కడ తెర మొత్తం ఎర్రబడింది. ‘లెక్చరర్ ఇంట్లోనే హంతకుడు! మా చానల్లో మాత్రమే.’ కింద లైవ్ దృశ్యం. పరదా సందులోంచి తీసిన మసక బొమ్మలో లాయరు సోఫాలో కూర్చుని ఉన్నాడు. తర్వాత వీధి. బారికేడ్ పక్కకు నెట్టేసి ఉంది. గేటు ముందు వందల మంది.

డిటెక్టివ్ యాంకర్ ముందుకి వచ్చింది. “అక్కడికెలా వెళ్లారు?”

“పొద్దుట్నుంచి మీ వెనకాలే మా బైకు తిరుగుతోంది మేడమ్” అన్నాడు యాంకర్ నెమ్మదిగా. “మీరు కాసేపు ఆగిన ఇంట్లో ఏదో ఒకటి ఉంటుందని అక్కడే ఆగమన్నాను. ఇందాక మీ నోట ఆ పిలుపు విన్నాక ఖాయమైంది.”

చెంప పగలగొట్టాలన్న కోరికను అణుచుకుని ఆమె ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసింది. బలగమంతా ఆసుపత్రి దగ్గరుంది, రావడానికి అరగంట పడుతుందన్నాడు. అక్కడున్నది ఇద్దరు కానిస్టేబుళ్లు. తర్వాత కూతురికి చేసింది. మొదటి రింగుకే ఎత్తింది.

“ఆంటీ, గేటు ఊపుతున్నారు! అమ్మ బయటికెళ్లింది! గేటుకి అడ్డంగా నిలబడి, ఈయన మా వియ్యంకుడు, ఈయనేం చెయ్యలేదు అని అరుస్తోంది. ఎవరూ వినట్లేదు!”

“ఫోన్ పెట్టెయ్యకు.” డిటెక్టివ్ యాంకర్ కాలర్ పట్టుకుంది. “వాళ్లందరి చేతుల్లో నీ చానలే ఉంది. లాయరు చంపలేదని ఒక్క మాట చెప్పు. ఇప్పుడే చెప్పు.”

“నేను చెబితే నన్నూ నా చానల్నీ తగలబెడతారు. లీగల్ వాళ్లని అడగాలి, ఓనర్ని అడగాలి...”

“నేను చెప్తాను.”

భక్తుడి గొంతు. అతను అప్పటికే గుమ్మం దాటుతున్నాడు. “వాళ్లలో సగం మంది మా సంఘం వాళ్లే మేడమ్. లాయరు ఎక్కడ కనిపించినా వదలొద్దని పొద్దున వాయిస్ మెసేజ్ పెట్టింది నేనే. నా మాటైతే వింటారు.”

“లైవ్‌లో ఒప్పుకుంటావా?” అన్నాడు యాంకర్.

ఆ గొంతులో మార్పు విని డిటెక్టివ్ నిర్ఘాంతపోయింది. భయం ఎటుపోయిందో పోయింది. అతని కళ్లు మెరుస్తున్నాయి. కాలర్ విడిపించుకుని, అద్దంలో ఒకసారి జుట్టు సర్దుకుని, స్టూడియో వైపు పరుగు లాంటి నడక నడిచాడు. “అన్ని కెమెరాలూ ఆన్ చెయ్యండి! హంతకుడి ఒప్పుకోలు అని కార్డు వెయ్యండి, పెద్దక్షరాలు!” అని అరుస్తున్నాడు.

స్టూడియోలో అడుగుపెట్టేసరికి తెర మీద ఒక తల్లి, పిల్లాడు, తెల్లటి నురగ. సబ్బు ప్రకటన.

“ఆపండి దాన్ని!” అంది డిటెక్టివ్.

“ముందే కట్టిన స్లాట్ మేడమ్, మధ్యలో ఆపడం మా చేతుల్లో లేదు” అన్నాడు కెమెరా వెనకనుంచి ఎవరో.

చెవి దగ్గర ఫోన్లో అల్లరి సద్దుమణిగింది. “ఏమైందమ్మా?” అంది ఆమె భయంగా.

“అందరూ ఆగిపోయారాంటీ. ఫోన్లు చూస్తున్నారు. మా అమ్మ వాళ్ల ఎదురుగానే నిలబడి చెబుతోంది, ఎవడూ తలెత్తట్లేదు. యాడ్ ఎప్పుడైపోతుందా అని చూస్తున్నారు!”

భక్తుడు వెళ్లి లెక్చరర్ కూర్చునే కుర్చీ దగ్గర ఆగాడు. కూర్చోలేక పక్కనే నిలబడ్డాడు. ఎర్రదీపం వెలిగింది. యాంకర్ ఇంకా నోరు తెరవకముందే అతను మాట్లాడేశాడు.

“నేనురా, మీ అన్నని. గురువుగార్ని చంపింది లాయరు కాదు. నేను. కోపంలో తోశాను, ఆయన తల స్తంభానికి కొట్టుకుంది. అమ్మగారు చెప్పేది నిజం. వాళ్లు వియ్యంకులు. ఆవిడ మీద చెయ్యి వెయ్యకండి, ఇంటికి పొండి. దండం పెడతాను, పొండి.”

కెమెరాకు చేతులు జోడించి అలాగే నిలబడ్డాడు. కన్నీళ్లు గెడ్డం మీదుగా మైకు మీద పడుతున్నాయి. డిటెక్టివ్ ఫోన్‌ని చెవికి అదిమిపట్టింది. అవతల అదే గొంతు, వందల ఫోన్లలోంచి కొంచెం కొంచెం తేడాతో, “పొండి... పొండి... పొండి...” అని వినిపించి ఆగిపోయింది.

“విన్నారా అమ్మా? వెళ్తున్నారా?”

ఫోన్లో దూరంగా గుంపులోంచి ఒక మగగొంతు స్పష్టంగా వినిపించింది.

“వీడు కూడా అమ్ముడుపోయాడ్రా! ఆ చానల్ తీసేసి ఇంకోటి పెట్టండి!”

ఆ వెంటనే గేటు గొళ్లెం విరిగిన చప్పుడు.